చాట్ మసాలా డబ్బా పక్కన పెట్టండి, ముందు కత్తి సంగతి చూద్దాం

"మెక్సికోలో రోడ్డు పక్కన కప్పుల్లో అమ్మే పళ్ల ముక్కలు ఇంట్లో చేస్తే ఆ రుచి రావట్లేదు, టాజీన్ పొడి బదులు చాట్ మసాలా వేయొచ్చా?" అని అడిగారు కదా. (టాజీన్ అంటే అక్కడ సీసాల్లో అమ్మే ఎండుమిరప, ఉప్పు, నిమ్మ కలిపిన పొడి.) వేయొద్దు. చాట్ మసాలాలో నల్ల ఉప్పు ఉంటుంది, ఆ వాసన తగిలిందంటే పుచ్చకాయ ముక్క కాస్తా మన ఊరి బండి మీది ముక్క అయిపోతుంది. అదీ బాగుంటుంది, కాదనను, కానీ మీరు అడిగింది అది కాదు. అయినా నా లెక్కలో అసలు గొడవ పొడిది కానే కాదు. మీరు ముక్కలు ఎలా కోస్తున్నారు, ఉప్పు ఎప్పుడు వేస్తున్నారు అన్నది ముందు చెప్పండి.

నేను 2017లో ఆఫీసు పని మీద మెక్సికోలోని గ్వాదలహారా వెళ్ళి రెండేళ్ళకు పైగా ఉన్నాను. (మనవాళ్ళు గ్వాడలజారా అంటారు, అక్కడ జ వచ్చిన చోటల్లా హ పలకాలి. మీ టాజీన్ కూడా అక్కడ తహీనే.) మా ఆఫీసు గేటు బయట ఒకావిడ బండి పెట్టేది. గాజు పెట్టెలో ఐసు, దాని మీద మామిడి, అనాస, పుచ్చ, బొప్పాయి, కీరా, కొబ్బరి, ఇంకా హీకమా అని తెల్లటి దుంప. పచ్చి చిలగడదుంప కొరికినట్టుంటుంది, కాకపోతే దానికంటే నీరు ఎక్కువ, పిండిదనం తక్కువ. అన్నీ వేలెడు పొడుగు ముక్కలు, కప్పులో నిలబెట్టి ఇచ్చేది. "కోన్ తోదో?" అనేది, అంటే అన్నీ వేయనా అని. నాకు అప్పటికి వచ్చిన స్పానిష్ "సీ" ఒక్కటే కాబట్టి ప్రతిసారీ అన్నీ పడేవి. నిమ్మరసం, ఉప్పు, కారం, పైన చామోయ్ అనే పుల్లటి ఎర్రటి చిక్కటి పులుసు.

నెల రోజులు తినేసరికి నాకూ వచ్చేసిందనుకున్నాను. ఇందులో ఏముంది, చిన్నప్పుడు బడి గేటు దగ్గర జామకాయ నాలుగు చీలికలు చేసి ఉప్పూ కారం కూరి ఇస్తే తిన్నవాళ్ళమే కదా అని ధైర్యం. మే నెల, అక్కడ ఎండలు ముదిరేది అప్పుడే, ఒక ఆదివారం డాబా మీదకు ఆఫీసువాళ్ళను పిలిచాను. మన తెలుగువాళ్ళు నలుగురు, అక్కడివాళ్ళు ఆరుగురు. పెద్ద స్టీలు బేసిన్‌లో పుచ్చకాయ, అనాస, బొప్పాయి, కీరా అన్నీ ఫ్రూట్ సలాడ్‌కి కోసినట్టు చిన్న చిన్న ముక్కలు చేసి, నాలుగు నిమ్మకాయలు పిండి, ఉప్పు వేసి, అమ్మ పంపిన కారం మూడు చెంచాలు వేసి, చేత్తో బాగా కలిపి, మూత పెట్టి గంటన్నర ఫ్రిజ్‌లో పెట్టాను. ముక్కలకు ఉప్పూ కారం పట్టాలని! ఆవకాయ కలిపేవాడి బుద్ధి ఎక్కడికి పోతుంది.

మూత తీస్తే సగం బేసిన్ ఎర్ర నీళ్ళు. పుచ్చకాయ పిండేసిన స్పాంజిలా ఉంది, బొప్పాయి గుజ్జయి మిగతావాటికి అంటుకుంది. అన్నిటికంటే ఘోరం, అమ్మ పంపింది ఉత్త కారం కాదు, కూర కారం. వెల్లుల్లి, జీలకర్ర, ధనియాలు అన్నీ దంచినది. అనాస పండులోంచి వెల్లుల్లి వాసన వస్తుంటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. టాకోలో హలపేనో మిరపకాయ కొరుక్కుని తినే మా టీం కుర్రాడు ఒక ముక్క నోట్లో పెట్టుకుని దగ్గుతూ ఉండిపోయాడు. మనవాళ్ళయితే మొహమాటం లేకుండా "పెరుగన్నం ఉందా" అన్నారు.

అప్పుడే మా ఇంటి ఓనరావిడ ఏదో గిన్నె తిరిగివ్వడానికి పైకి వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, నన్ను "మిహో" అని పిలిచేది, మనం నాయనా అన్నట్టు. బేసిన్‌లోకి చూసింది. నవ్వుతుందేమో అనుకున్నా, నవ్వలేదు. గరిటెతో ఆ నీళ్ళు ఒక గ్లాసులోకి వంచి, ఒక్క గుక్క తాగి, తల ఊపి కిందకి వెళ్ళిపోయింది. పది నిమిషాల్లో రెండు హీకమా దుంపలు, నాలుగు కీరాలు, నారింజలు, ఒక చిన్న కత్తి పట్టుకుని వచ్చి కూర్చుంది. హీకమా తోలు కత్తి మొనతో లేపి చేత్తో ఊడబెరికేసింది, అరటి తొక్క వలిచినట్టు. పొడుగు చీలికలు కోసి, పళ్ళెంలో పరిచి, ముందు నిమ్మకాయ పిండింది. అప్పుడు ఉప్పు, ఆ తర్వాత కారం, పై నుంచి చిలకరించినట్టు. కలపలేదు, చెయ్యి కూడా తగలనివ్వలేదు. "తినేవాడు చెయ్యి చాపాక ఉప్పు వెయ్యి" అంది. నా అరకొర స్పానిష్‌కి అర్థమైనది అదీ. నారింజ తొనలు, హీకమా, కీరా కలిపి ఇలా కారం చల్లినదాన్ని ఆ ఊళ్ళో పీకో దె గాయో అంటారు. మిగతా ప్రపంచమంతా ఆ పేరుతో టమాటా ఉల్లిపాయ ముక్కలు తింటుంది. ఈ మాట ఇక్కడ చెబితే నేనేదో తప్పు చెబుతున్నానని నాతో వాదనకు దిగినవాళ్ళున్నారు.

సరే, మీ ప్రశ్న. ముక్కలు వేలెడు పొడుగు, వేలంత మందం ఉండాలి. చిన్న ముక్క నాలుగు పక్కలా నీరు వదిలేస్తుంది. కోసిన ముక్కల్ని ఏమీ వేయకుండా ఫ్రిజ్‌లో చల్లబరచండి. మామిడి బాగా పండినది వద్దు, దోరది కావాలి. కలెక్టర్ కాయ దీనికోసమే పుట్టిందని నా గట్టి నమ్మకం. బంగినపల్లి పెట్టి పాడు చేయకండి. హీకమాను బెంగాల్ వైపు శాంఖాలు అంటారు, మన దగ్గర దొరక్కపోతే దోర జామకాయ వేసుకోండి, కరకరకి లోటుండదు. నిమ్మకాయ విషయంలో ఇండియాలో ఉన్నవాళ్ళు అదృష్టవంతులు, అక్కడి లిమోన్ మన చిన్న నిమ్మకాయ జాతే. అమెరికాలో ఉంటే గింజల్లేని ఆ పెద్ద ఆకుపచ్చ కాయలు కాకుండా చిన్న కీ లైమ్ సంచీ కొనుక్కోండి.

పొడి ఇంట్లోనే చేసుకోవచ్చు. టాజీన్ గ్వాదలహారా ఉన్న హలిస్కో రాష్ట్రపు సరుకే, 1985లో వచ్చింది. అంటే అంతకు ముందు వాళ్ళు కారం లేకుండా తిన్నారా? మామూలు ఎండుమిరప పొడీ ఉప్పూ నిమ్మకాయే. సీసా లేకపోతే పని జరగదనేది మన టెన్షన్. వాళ్ళ గ్వాహీయో మిరపకాయకి రంగెక్కువ, ఘాటు తక్కువ, కాబట్టి గుంటూరు సన్నాల జోలికి వెళ్ళకుండా బ్యాడిగి మిరపకాయలు ఎనిమిది తీసుకోండి. గింజలు దులిపి, సన్న సెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, చల్లారాక చెంచా ఉప్పు, అర చెంచా నిమ్మ ఉప్పు, చిటికెడు పంచదార వేసి బరకగా పట్టండి. మెత్తగా పట్టారో, గొంతులోకి ఎగిరి దగ్గొస్తుంది.

చామోయ్ గురించి మీరు అడగలేదు, అయినా చెబుతాను, ఎందుకంటే దాని బదులు మన దగ్గర చేసుకునేది నేనే కనిపెట్టాను. అక్కడ ఉప్పులో ఊరేసి ఎండబెట్టిన ఆప్రికాట్, ప్లమ్ లాంటి పళ్ళతో చేస్తారు. ఆసియా నుంచి వెళ్ళిన ఉప్పు ప్లమ్ పళ్ళే దీనికి మూలం అంటారు. నమ్మబుద్ధేస్తుంది, 1565 నుంచి 1815 దాకా మనీలాకీ అకపుల్కోకీ మధ్య ఓడలు తిరిగాయి, మామిడి కూడా ఫిలిప్పీన్స్ నుంచి అలాగే చేరింది. మన మిరపకాయేమో వాళ్ళ వైపు నుంచి పోర్చుగీసువాళ్ళ ఓడల్లో ఇటు వచ్చింది. ఇదంతా పక్కన పెడితే, మొదటిసారి చామోయ్ నాలికకు తగిలినప్పుడు నాకు గుర్తొచ్చింది ఒక్కటే, రేగొడియాలు. అదే పులుపు, అదే బెల్లం, అదే ఉప్పూ కారం! నాలుగు రేగొడియాలు వేడినీళ్ళలో అరగంట నానబెట్టి, గింజ ముక్కలుంటే తీసేసి, కొంచెం బెల్లం, ఒక నిమ్మచెక్క రసం వేసి మిక్సీ పట్టి వడకట్టండి. జీలకర్ర వేసి దంచినవి మాత్రం వద్దు. నేను ఒకసారి కొన్న చామోయ్ సీసా వెనక చదివితే పండు పేరే లేదు, నీళ్ళు, పంచదార, రంగు, చిక్కబరిచే పొడి. మొన్నామధ్య హైదరాబాద్‌లో ఒక కేఫ్‌లో మాంగోనాడా (చామోయ్ వేసిన మామిడి పానీయం) అని 350 రూపాయలకు ఇచ్చినదైతే మామిడి గుజ్జు మీద ఎర్ర సిరప్, మీద పుదీనా ఆకు. నిమ్మరసం లేదండీ అంటే, "అది ఆథెంటిక్ రెసిపీ సార్" అన్నాడు. నేనేం మాట్లాడను.

క్రీమ్, గ్రనోలా పోసి ఇచ్చే బియోనికో కూడా గ్వాదలహారాదే, కానీ దాని గురించి నన్ను అడక్కండి, పళ్ళ మీద తియ్యటి క్రీమ్ నాకు పడదు. మెక్సికోలోనే మొరేలియా అనే ఊళ్ళో గస్పాచో అని అమ్ముతారు, అది మాత్రం చేసి చూడండి. అనాస, మామిడి, హీకమా మూడూ బియ్యపు గింజకన్నా కొంచెం పెద్దగా తరిగి, కప్పులో నింపి, నారింజ రసం, నిమ్మరసం పోసి, పైన ఉప్పటి కొతీహా చీజ్ తురుము, కారం. ఇందాక చిన్న ముక్కలు వద్దన్నాను కదా అంటారేమో, ఇందులో రసం కావాలనే పోస్తారు కాబట్టి పర్లేదు.

ఇంకొకటి, ముక్కలు అయిపోయాక కప్పు అడుగున కారం తేలే రసం రెండు గుక్కలు మిగులుతుంది. మావాడు ఒకడు దాన్ని సింకులో పారబోస్తుంటే ఓనరావిడ చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ రోజు ఆవిడ నా బేసిన్‌లోంచి వంచుకున్నదీ ఆ రసమే, వెల్లుల్లి వాసనతో సహా.