పగిలిన హోస్‌ను దుకాణానికి తిరిగి ఇవ్వకండి

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి దగ్గర ఒక ఊరు. నేనూ నా భార్యా ఇద్దరు సహాయకులతో ఫ్లై యాష్ ఇటుకల ప్రెస్సు నడుపుకొంటున్నాం. హైడ్రాలిక్ హోస్ (ఒత్తిడితో నూనె పారే గొట్టం) పాతబడితే దాన్ని శ్రీకాకుళంలోని ఒక దుకాణానికి తీసుకెళ్లి, "ఇలాంటిదే కావాలి, ప్రెస్సు 210 బార్ ఒత్తిడి మీద నడుస్తుంది" అని చెప్పాను. ఫిట్టింగులు కూడా వాళ్లే బిగించి ఇచ్చారు. మూడు వారాలకే పగిలింది. నూనె చిమ్మి ఒక కుర్రాడి ముంజేతికి గాయమైంది. పది రోజులు పని ఆగింది. దుకాణదారు "సైజు అదే, పైగా 640 బార్ దాకా పగలని పైపు ఇచ్చాం, లోపం మీ మిషనుదే, పగిలిన ముక్క తెస్తే కొత్తది ఇస్తాం" అంటున్నాడు. బిల్లులో "అరంగుళం హోస్ ఒకటి" అని మాత్రమే రాశాడు. పగిలినదాని మీద "1ఎస్ఎన్, 160 బార్" అనీ, పాతదాని మీద "2ఎస్ఎన్, 275 బార్" అనీ ముద్ర ఉంది. పక్క రాష్ట్రం దుకాణం మీద కేసు వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు. అయితే ముందు ఆ కుర్రాడి చెయ్యి చూడండి. ఒత్తిడితో చిమ్మిన నూనె చర్మాన్ని చీల్చుకొని లోపలికి వెళ్తుంది. పైకి సూది గుచ్చినంత గుర్తే ఉంటుంది, మొదట్లో నొప్పి కూడా తక్కువే. ఆలస్యమైతే వేలో చెయ్యో తీసేయవలసి వస్తుంది. అలాంటి గుర్తు ఉంటే ఈ ఉత్తరం పక్కన పెట్టి, శస్త్రచికిత్స చేయగల ఆసుపత్రికి తీసుకెళ్లండి. బరంపురమైనా శ్రీకాకుళమైనా సరే. "హైడ్రాలిక్ నూనె లోపలికి పోయింది" అని వైద్యుడికి స్పష్టంగా చెప్పండి. చికిత్స ఖర్చు, పరిహారం మీరే ముందు భరించాలి. పనిలో గాయపడినవారికి యజమాని బాధ్యత వహించాలన్నది చట్టం. దుకాణం తప్పు తేలేదాకా అతన్ని ఆగమనకండి. ఆ సొమ్మును దుకాణం నుంచి తర్వాత రాబట్టుకోవచ్చు.

ఇక దుకాణదారు మాట. సైజు అదేనన్నది నిజం, కానీ అది సగం నిజం. సైజు అంటే హోస్ లోపలి వ్యాసం. ఎంత నూనె పారాలో దాన్ని బట్టి అది నిర్ణయమవుతుంది. ఒత్తిడిని తట్టుకోవడం మాత్రం వేరే లెక్క, అది లోపలి తీగ అల్లిక మీద ఆధారపడుతుంది. 1ఎస్ఎన్‌లో తీగ అల్లిక ఒక వరుస, 2ఎస్ఎన్‌లో రెండు వరుసలు. మీకు కావలసింది 210 బార్, ఆయన ఇచ్చింది 160.

640 అన్న అంకె పగిలిపోయే ఒత్తిడి. రోజూ నడిపే ఒత్తిడి అందులో నాలుగో వంతు, అంటే 160, మించకూడదని ప్రమాణం. ఇటుక ఇటుకకూ ఒత్తిడి ఎగసిపడే ప్రెస్సులో ఆ మార్జిను ఎందుకు పెట్టారో హోస్‌లు అమ్మేవారికి తెలియకపోదు. దుకాణదారు వాదన వినియోగదారుల కమిషన్ ముందు నిలవదని నా నమ్మకం.

మీ బలం 1930 నాటి వస్తు విక్రయ చట్టం 16వ సెక్షన్. కొనేవాడు తన అవసరం చెప్పి, అమ్మేవాడి నైపుణ్యం మీద ఆధారపడి కొంటే, ఆ వస్తువు ఆ పనికి తగినదై ఉండాలి. బిల్లులో లేకపోయినా చట్టం ఆ షరతును కలుపుతుంది. మీరు ఫలానా కంపెనీ పేరు చెప్పి అదే కావాలని పట్టుబట్టి ఉంటే మాత్రం ఈ రక్షణ పలచబడుతుంది. అందుకే 210 బార్ అని చెప్పినట్టు రుజువు కావాలి. ఆ రోజు వెంట ఎవరున్నారు? వాట్సాప్‌లో ప్రెస్సు నేమ్ ప్లేటు ఫోటో పంపారా? వెతకండి. ఆ ఫోన్‌ను పోగొట్టుకోకండి.

పగిలిన ముక్క ఇవ్వవద్దని చెప్పడానికి కారణం ఉంది. అది ఎక్కడ పగిలిందో అదే సాక్ష్యం. మధ్యలో తీగలు తెగి పగిలితే ఎంపిక తప్పు. ఫిట్టింగు ఊడి వస్తే క్రింపింగు (ఫిట్టింగును గొట్టానికి నొక్కి బిగించడం) తప్పు, అదీ వాళ్లదే. ఏ ఇనుముకో రాసుకొని పైపొర అరిగినా, 180 మిల్లీమీటర్ల కంటే చిన్న వంపు తిప్పి బిగించినా తప్పు మీ వైపు వస్తుంది. నాతోనైనా నిజం చెప్పండి. ఒత్తిడిని హద్దులో ఉంచే రిలీఫ్ వాల్వును 210 బార్ పైకి తిప్పారా? దుర్వినియోగం చేసిన వస్తువుపై విక్రేతకు ఉత్పత్తి బాధ్యత (లోపమున్న వస్తువు చేసిన హానికి పరిహారం ఇచ్చే బాధ్యత) ఉండదని 2019 వినియోగదారుల రక్షణ చట్టం 87వ సెక్షన్ చెబుతోంది. హోస్‌ను కడగకుండా సంచిలో కట్టి, పాతదానితో పాటు దాచండి. ప్రయోగశాలకు పంపించమని కమిషన్‌ను కోరవచ్చు.

2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉంటున్న గజపతి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు, శ్రీకాకుళం వెళ్లనక్కరలేదు. "వ్యాపారం కోసం కొన్నారు" అని దుకాణంవారు అడ్డుపడతారు. స్వయం ఉపాధితో బతికేవారు వినియోగదారులేనని చట్టం అంటోంది. ఒకరిద్దరు సహాయకులున్నా ఆ హోదా పోదని సుప్రీంకోర్టు 1995లో లక్ష్మి ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో చెప్పింది. మీ భార్యాభర్తలే ప్రెస్సు దగ్గర నిలబడతారని ప్రమాణపత్రంలో రాయండి. కొన్న ధర 5 లక్షల లోపు కాబట్టి రుసుము లేదు. వినియోగదారుల ఫిర్యాదుల ఈ-జాగృతి పోర్టల్‌లోనూ వేయవచ్చు. గడువు రెండేళ్లు.

పది రోజుల నష్టం గురించి ఆశ పెంచను. ఉత్పత్తి బాధ్యత కింద వ్యాపార నష్టం రాదు. అది కాంట్రాక్టు ఉల్లంఘన నష్టంగా అడగాలి, దానికి ఇటుకల అమ్మకం పుస్తకం, ఆగిన ఆర్డర్లు చూపాలి. అవి లేకుంటే హోస్ ధర, ఫిట్టింగుల ఖర్చు, కారిన నూనె, వైద్యం బిల్లులు అడగండి.

ముందు స్పీడ్ పోస్టులో 15 రోజుల నోటీసు పంపండి. తెలుగులోనే రాయవచ్చు. కమిషన్‌కు పెట్టే కాగితాలకు మాత్రం ఒడియా లేదా ఇంగ్లీషు అనువాదం జతచేయండి. ఈలోగా ప్రెస్సు నడపాలంటే కొత్త హోస్ మీద 2ఎస్ఎన్ ముద్ర చూసి తీసుకోండి. బిల్లులో "అరంగుళం, రెండు వరుసల తీగ, 210 బార్ ప్రెస్సుకు" అని రాయించుకున్నాకే డబ్బు ఇవ్వండి.