తేడాలు ఎప్పుడూ ఉన్నాయి, మరి కొట్లాట ఎప్పుడు మొదలైంది?

"ప్రపంచంలో జరిగే యుద్ధాలన్నిటికీ మతం, సంస్కృతి తేడాలే మూలం కదా? మతాలే లేకపోతే మనిషి ప్రశాంతంగా బతికేవాడు కదా?" అని అడిగారు.

నాకు అర్థమైనంతలో, ఒట్టి తేడా వల్ల కొట్లాట పుట్టదు. పంపకంలో అన్యాయం జరిగి, దాని లెక్క దాచిపెట్టినప్పుడు పుడుతుంది. పుట్టాక ఎవరు ఎటు నిలబడాలో చెప్పడానికి మాత్రం మతం, భాష, కులం సిద్ధంగా ఉంటాయి. ఈ మాట కొంత చదివి చెప్తున్నాను, ఎక్కువ గల్ఫ్‌లో లేబర్ క్యాంపులో బతికి చెప్తున్నాను.

మాది జగిత్యాల దగ్గర పల్లె. 1990ల చివర్లో దుబాయ్ పోయి షట్టరింగ్ పనిలో చేరాను. మా గదిలో మా జిల్లా వాళ్లు, నిజామాబాద్ ముస్లింలు. పక్క గదుల్లో పాకిస్తాన్‌లోని పెషావర్ వైపు పఠాన్లు, ఆ చివర బంగ్లాదేశీలు. 1999 వేసవిలో కార్గిల్ యుద్ధం వచ్చింది. మెస్సులో ఒకటే టీవీ. రెండు దేశాల వాళ్లం ఆ టీవీ ముందే కూర్చుని వార్తలు చూసేవాళ్లం. అయిపోగానే లేచి ఎవరి రొట్టెలు వాళ్లు చేసుకునేవాళ్లం. యుద్ధం నడిచినన్నాళ్లు క్యాంపులో ఒక్క దెబ్బలాట జరగలేదు. మావాడొకడి చెల్లె పెళ్లికి పైసలు తక్కువ పడితే, ఆ రోజుల్లోనే ఒక పఠాన్ డ్రైవర్ కాగితం రాయించుకోకుండా ఇచ్చాడు.

కొట్లాట ఆ తర్వాత వచ్చింది, ఓటీ (ఓవర్‌టైమ్) దగ్గర. ఓటీ లేకుంటే మా జీతంలో ఇంటికి పంపడానికి ఏమీ మిగలదు. ఏజెంటుకు కట్టడానికి ఊళ్లో తెచ్చిన అప్పుకు వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. కొత్తగా వచ్చిన ఫోర్‌మన్ తన వైపు వాళ్లకే ఓటీ వేయడం మొదలుపెట్టాడు, జాబితా ఎవరికీ చూపించలేదు. ఎవరికి ఎన్ని గంటలు పడుతున్నాయో తెలియక ఎవరికి తోచింది వాళ్లు అనుకున్నారు. కొన్నాళ్లకు "ఆ మతపోళ్లంతా అంతే" అన్నమాట వినబడింది. చాలాకాలంగా పక్కపక్క పొయ్యిల మీదే ఫోర్‌మన్ వైపు వాళ్ల కూర, మా కూర ఉడికేవి. అప్పుడు మాత్రం గిన్నెలు కలుస్తున్నాయని లొల్లి. ఒక రాత్రి ఇనుప రాడ్లు పట్టుకుని బయటికొచ్చారు, తలలు పగిలాయి. నిజామాబాద్ ముస్లింలకూ ఓటీ పడటం లేదు కాబట్టి వాళ్లు మావైపే ఉన్నారు. వాళ్లలో పెద్దాయన మా గది గుమ్మంలో అడ్డంగా నిలబడి, "మీరు లోపలుండుండ్రి తమ్మీ, నేను మాట్లాడుత" అన్నాడు. తర్వాత కంపెనీ ఇంజనీరు ఓటీ వంతులవారీగా వేయించి, జాబితా మెస్సు గోడకు అంటించాడు. కొద్ది వారాల్లోనే గొడవ సద్దుమణిగింది. గిన్నెల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

క్యాంపు చిన్నది, ప్రపంచం పెద్దది, నిజమే. కానీ పెద్ద యుద్ధాల గురించి చదివినప్పుడు కూడా నాకు ఇదే కనిపించింది. 1993లో శామ్యూల్ హంటింగ్టన్ అనే అమెరికా ప్రొఫెసర్, ఇకమీదట పెద్ద సంఘర్షణలు నాగరికతల మధ్యే వస్తాయని రాశాడు. మరుసటి ఏడాదే ఆఫ్రికాలోని రువాండాలో మూడు నెలల్లో దాదాపు 8 లక్షల మందిని చంపారు. చంపిన హుటూలు, ఎక్కువగా బలైన టుట్సీలు మాట్లాడేది ఒకే భాష, ఎక్కువమంది వెళ్లేది ఒకే చర్చికి. ఎవరు ఏ జాతో కార్డు మీద రాయించింది 1930లలో బెల్జియం పాలకులు. ఆ కార్డులు చూసే దారుల్లో ఆపి చంపారు. 1980 నుంచి 1988 దాకా ఇరాన్, ఇరాక్ కొట్టుకున్నాయి. రెండు దేశాల్లోనూ ఇస్లాంలోని ఒకే శాఖ అయిన షియాలే ఎక్కువ, ఇరాక్ సైన్యంలో మామూలు సిపాయిల్లోనూ వాళ్లే ఎక్కువ. 1971లో తూర్పు, పశ్చిమ పాకిస్తాన్‌లలో ఎక్కువమందిది ఒకే మతం. 1970 ఎన్నికల్లో గెలిచిన తూర్పు వాళ్లకు అధికారం ఇవ్వకపోవడంతో రక్తపాతం మొదలైంది. శ్రీలంకలో భాషలు రెండు, మతాలు వేరు. కానీ 1956లో సింహళాన్ని ఒక్కదాన్నే అధికార భాష చేసి, తమిళులకు సర్కారు కొలువులు దూరం చేశాకే ఆ తేడా మంటయింది.

మన దగ్గర చూడండి. విసునూరు దేశ్‌ముఖ్ అనే పెద్ద భూస్వామి గడీ మనుషుల చేతుల్లో 1940లో షేక్ బందగీ, 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య చనిపోయారు. ఒకరు ముస్లిం, ఒకరు హిందువు. చంపించిన దొర హిందువే. 1948 ఆగస్టులో నిజాం వైపు నిలిచిన రజాకార్లు చంపిన పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్ ముస్లిమే. 1969లో వరంగల్, హైదరాబాద్ విద్యార్థులు రోడ్డెక్కింది సాటి తెలుగువాళ్ల పాలన మీదే. ముల్కీ నియమాలు (స్థానికులకే కొలువులన్న పాత నిబంధనలు), కొలువులు, నిధులు, నీళ్లు దాని మూలం. మన యాస, మన బతుకమ్మ తర్వాతి తెలంగాణ ఉద్యమానికి జెండాలు అయ్యాయి. అవి జెండా కావడంలో నాకు తప్పేమీ కనిపించదు, కానీ గొడవ వాటి కోసం రాలేదు.

కలిసి పండుగలు చేసుకుంటే చాలు అనేవాళ్లతోనూ నేను ఒప్పుకోను. మా ఊళ్లో మొహర్రం పీరీలను ఎత్తుకునేది ఎక్కువగా హిందువులే, వేములవాడ రాజన్న గుడి ఆవరణలోనే దర్గా ఉంది. వీటిని ప్రాణంగా చూసుకుంటాను. అయినా ఇదే ఉత్తర తెలంగాణలో, భైంసాలో 2008లో మతకలహాలు జరిగాయి, ఇళ్లు తగలబడ్డాయి.

మతానికి పాత్రే లేదని మాత్రం అనను. 2014 ఆగస్టులో ఇరాక్‌లోని సింజార్‌లో ఐసిస్ అనే తీవ్రవాద ముఠా యజీదీలు అనే చిన్న మతం వాళ్లను చంపింది, ఆడవాళ్లను బానిసలుగా అమ్మింది, అది యజీదీల విశ్వాసం పేరు పెట్టి చేసిందే. అక్కడ నమ్మకాన్ని పక్కన పెట్టి భూమి, డబ్బు అని మాత్రమే చెప్తే చచ్చినవాళ్లకు అన్యాయం చేసినట్టే. యూదులు, క్రైస్తవులు, ముస్లింలు ముగ్గురికీ పవిత్రమైన జెరూసలేం మరో చిక్కు. కృష్ణా నీళ్లయితే ట్రిబ్యునల్ ముందు టీఎంసీల్లో లెక్కకట్టి వాదించుకోవచ్చు. పవిత్ర స్థలాన్ని అలా పంచలేరు. అందుకే పంపకం గొడవ మతం రంగు పూసుకుంటే తొందరగా తెగదు. ఒకసారి రక్తం చిందాక, మొదటి కారణం మరిచిపోయినా పగ మిగిలిపోతుంది.

మతాలే లేకపోతే అన్నారు కదా. కంబోడియాలో 1975 నుంచి 1979 దాకా పాలించిన ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు వర్గం ఆ పని చేసి చూసింది. బౌద్ధ ఆరామాలు మూయించింది, భిక్షువుల చేత కాషాయాలు విడిపించింది, గుళ్లను గోదాములు చేసింది. ఆ నాలుగేళ్లలో 15 లక్షలకు పైగా జనం ఆకలితో, చాకిరీతో, హత్యలతో పోయారు. చామ్ ముస్లింలను, వియత్నామీలను వెతికి చంపారు. కానీ పోయినవాళ్లలో ఎక్కువమంది, చంపినవాళ్ల మాదిరిగానే, ఖ్మేర్ జాతి వాళ్లే.