పక్కవాద్యం ముందు, సోలో తర్వాత

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. ఉద్యోగం మాని ఫిడేలునే నమ్ముకుంటానని రాశావు. వద్దని చెప్పను, సంతోషించాను. అయితే ఏడాదిలోగా సోలో కచేరీ చేయాలన్న తొందర మాత్రం పక్కన పెట్టు.

ముందు పక్కవాద్యం వాయించు, పదేళ్లు పట్టినా సరే. ఈరోజు ఐదు శ్రుతి గాయని కోసం తంతులు బిగిస్తావు, రేపు ఒకటి శ్రుతి గాయకుడి కోసం దించుతావు. ఆలాపనలో గాయని ఒక సంచారం, అంటే రాగంలో ఒక స్వరాల వరస, ముగించి ఊపిరి తీసుకునేలోపు నీ కమాను అందుకోవాలి. నీ వంతు వచ్చినప్పుడు ఆమె పాడినదానికంటే కాస్త తక్కువే వాయించు. నా ఇరవై రెండో ఏట ఒక సభలో తోడి రాగం నా వంతుకు వస్తే, గాయకుడు పాడినదానికి రెట్టింపు సేపు వాయించాను. చప్పట్లు మోగాయి. కచేరీలో ప్రధాన భాగమైన పల్లవికి మాత్రం సమయం మిగల్లేదు. ఆయన ఒక్క మాట అనలేదు, మళ్లీ మూడేళ్లు నన్ను పిలవలేదు. ఆ సాయంత్రం తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ద్వారం వెంకటస్వామి నాయుడుగారి రికార్డులు రోజూ విను. చూపు సరిగా ఆనని మనిషి, చెవినే నమ్ముకున్నారు. 1919లో, పాతికేళ్ల వయసులో విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ ఆచార్యులయ్యారు. 1936లో అక్కడే ప్రిన్సిపాల్, 1941లో మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు. ఫిడేలుకు సోలో కచేరీ గౌరవం తెచ్చినవారిలో ఆయన ముందువరసలో ఉంటారు. ఆ కమాను ఎంత నిదానంగా, ఎంత నిండుగా సాగుతుందో గమనించు. అందరూ ఎడమచేతి గమకాలనే మెచ్చుకుంటారు గానీ, నాదం పుట్టేది కుడిచేతిలో.

అందుకే తెల్లవారుజామున అరగంట వేళ్ల జోలికి పోవద్దు. మంద్ర షడ్జం మీద కమానును మొదలు నుంచి కొన దాకా లాగు. మధ్యలో వణుకు, గీరిన చప్పుడు వినిపించకూడదు. ఒక్క లాగు పదహారు అక్షరాల కాలం నిలిచాకే వర్ణం అనే సాధన రచనను మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, అందుకో.

డబ్బు సంగతి అడిగావు. ఆకాశవాణి ఆడిషన్‌కు దరఖాస్తు పెట్టు, పిల్లలకు పాఠాలు చెప్పు. మొదటి ఏళ్లలో నా ఇల్లు నడిచింది పాఠాల మీదే.

వాయించడం అయ్యాక కమాను మర వదులు చేయడం మరిచిపోతున్నావు, పోయినసారి చూశాను. వెంట్రుకలు సాగిపోయి ఉన్నాయి. ఆదివారం వచ్చేటప్పుడు అది తీసుకురా, కొత్తవి కట్టిద్దాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు