పాసింజరు ముందా, గూడ్సు ముందా? రైలు ఆటపై పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: రవాణా కంపెనీని నడిపే కంప్యూటర్ ఆట ఓపెన్‌టీటీడీలో గోదావరి డెల్టాను పోలిన పటం తయారుచేసుకుని, సామర్లకోట నుంచి రాజమండ్రి, నిడదవోలు, ఏలూరు మీదుగా విజయవాడ వరకు డబుల్ లైను వేశాను. కంపెనీ నిలబడింది బొగ్గు మీదే. కానీ పాసింజరు బండ్లు గూడ్సుల వెనుక చిక్కుకుని ఈడ్చుకుంటూ వస్తున్నాయి, ఊళ్ల స్టేషన్లలో రేటింగు పడిపోతోంది. రెండింటినీ ఏ నిష్పత్తిలో నడపాలి?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: మీ ఇబ్బంది నిష్పత్తిని మార్చినంత మాత్రాన తీరేది కాదు. గూడ్సులను సగానికి తగ్గించినా, మిగిలిన సగం మెయిన్ లైను మీద నెమ్మదిగా నడిచినంత కాలం వాటి వెనుక వచ్చే పాసింజర్ల పరిస్థితి మారదు. పైగా బొగ్గు తగ్గించుకోవడం మంచిది కాదు. సమశీతోష్ణ పటంలో ఒకే దూరానికి బొగ్గుకు వచ్చే చెల్లింపు ప్రయాణికులకు వచ్చేదానికి దాదాపు రెట్టింపు. గని ఉత్పత్తిలో 60 శాతానికి మించి తరలిస్తే ఆ ఉత్పత్తి మున్ముందు పెరిగే అవకాశం కూడా ఎక్కువ.

ముందుగా, ఆలస్యం వల్ల ఎవరికి ఎంత నష్టమో చూద్దాం. ఈ ఆటలో చెల్లింపు సరుకు పరిమాణాన్ని, ఎక్కించిన స్టేషనుకూ దించిన స్టేషనుకూ మధ్య ఉన్న దూరాన్ని, సరుకు బండిలో గడిపిన కాలాన్ని బట్టి ఉంటుంది. బొగ్గుకు తొలి 17 రోజుల దాకా చెల్లింపు తగ్గదు. ప్రయాణికులకు అలాంటి గడువేమీ లేదు, ఎక్కినప్పటి నుంచే తగ్గుతూ వస్తుంది; అయినా 60 రోజుల ప్రయాణానికి ఆ తగ్గుదల పదో వంతు కూడా ఉండదు, ఆ తరువాతే రెట్టింపు వేగంతో పడిపోతుంది. అంటే మీ పాసింజర్ల ఆదాయం పోతున్నది దారిలో జరిగిన ఆలస్యానికి కోత పడి కాదు, స్టేషన్లలో రేటింగు పడిపోయి. ఊరి జనంలో ఎంతమంది స్టేషనుకు వస్తారో తేల్చేది ఆ రేటింగే. ఒక స్టేషనులో చివరిసారి ఎక్కింపు జరిగి ఏడెనిమిది రోజులు మించకపోతే, ఆ ఒక్క కారణానికే రేటింగులో 51 శాతం వస్తుంది. 15 రోజుల లోపైతే 37, 30 రోజుల లోపైతే 20 శాతం. 52 రోజులు దాటితే ఏమీ రాదు. నాలుగు పాసింజర్లు ఒక గూడ్సు వెనుక గుంపుగా చేరి, ఒకే వారంలో నాలుగూ వచ్చి, తరువాత నెల రోజులు ఒక్కటీ రాకపోతే, బండ్ల సంఖ్య సరిపోయినా ప్లాట్‌ఫారం ఖాళీగానే ఉంటుంది. పాసింజరుకు కావలసింది వేగం కన్నా ముందు క్రమం తప్పని రాక.

బొగ్గు సంగతి ఇందుకు పూర్తిగా భిన్నం. గని దగ్గర ఒక బండి పూర్తిగా నిండేవరకు ఆగి ఎక్కించుకుంటున్నంతసేపూ అక్కడి రేటింగు పడిపోదు. గూడ్సు ఆగడం వల్ల వచ్చే నష్టం చాలా తక్కువ కాబట్టి ఆగవలసి వస్తే గూడ్సే ఆగాలి. అయితే అది ఆగే చోటు మాత్రం మెయిన్ లైను కాకూడదు.

మన ప్రాంతంలో పాసింజరు ఎక్కిన వారందరికీ ‘క్రాసింగు పడింది’ అన్న మాట తెలుసు. చిన్న స్టేషనులో మన బండిని లూపు లైనులోకి తీసి, వెనుక నుంచి వచ్చే ఎక్స్‌ప్రెస్‌ను ముందుకు పంపే నిర్ణయం అక్కడ సెక్షన్ కంట్రోలరుది. ఆటలో ఆ కంట్రోలరు లేడు. ఏది పాసింజరో, ఏది గూడ్సో సిగ్నలుకు తెలియదు. ఆ నిర్ణయాన్ని మీరే లైను నిర్మాణంలో పెట్టాలి. కొన్ని స్టేషన్లకు ఒకటి చొప్పున, మీ అతి పొడవైన గూడ్సు పూర్తిగా పట్టేంత లూపు వేసి, దాని మీద ఒక వేపాయింటు (బండి ఆగకుండా దాటి పోవలసిన గుర్తు) పెట్టి, ఆ వేపాయింటును గూడ్సుల ఆదేశాల్లో మాత్రమే చేర్చండి. అప్పుడు గూడ్సు ప్రతిసారీ లూపులోకి పోతుంది, పాసింజరు నేరుగా సాగిపోతుంది. లూపు చివర ఎంట్రీ సిగ్నలు పెట్టి, అక్కడి నుంచి ఒక చిన్న లైను ముక్కను వెనుకవైపు మెయిన్ లైను బ్లాకుకు (రెండు సిగ్నళ్ల మధ్య, ఒకసారికి ఒకే బండిని అనుమతించే లైను భాగం) కలిపి, ఆ ముక్క మీద మెయిన్ లైను వైపు చూసే ఒకవైపు ఎగ్జిట్ సిగ్నలు పెడితే, వెనుక పాసింజరు వస్తున్నంతసేపూ ఎగ్జిట్ ఎరుపులో ఉంటుంది, దానితోపాటు ఎంట్రీ కూడా ఎరుపులోనే ఉంటుంది. ఎవరూ రాకపోతే గూడ్సు ఆగకుండానే వెళ్లిపోతుంది. ఈ కూడలిలో పాత్ సిగ్నళ్లను (బ్లాకు మొత్తాన్ని కాక, బండి పోయే దారిని మాత్రమే కేటాయించే సిగ్నళ్లు) కలపవద్దు. కొత్త వెర్షన్లలో ఎంట్రీ, ఎగ్జిట్ సిగ్నళ్లు మొదట కనిపించవు. సెట్టింగుల్లో అన్ని రకాల సిగ్నళ్లనూ చూపమని ఎంచుకోవాలి.

అయితే లూపులు వేయడానికి ముందే ఇంజన్లను మార్చమని నా సలహా. తొలి సంవత్సరాల ట్యాంకు ఇంజను గంటకు 64 కి.మీ. మించదు. దానితో బొగ్గు లాగిస్తూ ఎన్ని లూపులు వేసినా, ఒక లూపుకూ మరో లూపుకూ మధ్య పాసింజరుకు ఆ వేగమే దిక్కు. వేగాల మధ్య తేడా తగ్గిన కొద్దీ లూపుల అవసరమూ తగ్గుతుంది.

మీ పటం ఇంకా పెరిగితే దారులనే విడదీయవచ్చు. మన దేశంలో లూధియానా–సోన్‌నగర్, దాద్రి–జవహర్‌లాల్ నెహ్రూ పోర్టు మధ్య ప్రత్యేక సరుకు రవాణా కారిడార్లు పుట్టింది ఈ ఆలోచనతోనే. మీకైతే నిడదవోలు నుంచి భీమవరం, గుడివాడ మీదుగా విజయవాడ చేరే దారి ఉండనే ఉంది. చెల్లింపును స్టేషన్ల మధ్య దూరంతోనే లెక్కిస్తారు కాబట్టి బొగ్గును చుట్టు తిప్పినంత మాత్రాన అదనంగా ఏమీ రాదు. కానీ 17 రోజుల లోపు చేరితే పోయేదీ ఏమీ లేదు, మెయిన్ లైను మాత్రం పాసింజర్లకు ఖాళీ అవుతుంది.

ప్రశ్న: మా ఊరికి రైలు రావాలన్న కోరికతో ఆటలో కోటిపల్లి నుంచి అమలాపురం, రాజోలు మీదుగా నరసాపురానికి సింగిల్ లైను వేశాను. గౌతమి, వైనతేయ, వశిష్ఠల మీద మూడు పొడవైన వంతెనలు కట్టాను. సిగ్నళ్లు దగ్గర దగ్గరగా పెట్టినా బండ్లు వంతెనల దగ్గరే నిలిచిపోతున్నాయి. కారణం ఏమిటి?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: ఆటలో వంతెన మీద సిగ్నలు పెట్టడం వీలు కాదు. వంతెన ఎంత పొడవున్నా మొత్తం ఒకే బ్లాకు. ఒక బండి తోకతో సహా దిగితే గాని రెండోది ఎక్కలేదు. నేల మీద ఎన్ని సిగ్నళ్లు పెట్టినా మీ లైను సత్తా ఎంతో తేల్చేది ఆ మూడు వంతెనలలో అతి పొడవైనదే. డెల్టా పటం ఆడేవారికి ఇంతకన్నా ముఖ్యమైన సంగతి లేదని నా నమ్మకం, ఎందుకంటే నదీపాయలను తప్పించి పోయే దారి మనకు లేదు.

సింగిల్ లైనుగానే ఉంచదలిస్తే అమలాపురంలో, రాజోలులో ఎదురు బండ్లు తప్పుకునే లూపులు వేయండి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. వంతెన దిగిన బండి ఆగే సిగ్నలుకూ వంతెన చివరకూ మధ్య ఆ బండి పొడవంత లైను తప్పనిసరిగా ఉండాలి. లేకపోతే ఇంజను లూపులో నిలబడుతుంది, చివరి రెండు వ్యాగన్లు వంతెన మీద ఉండిపోతాయి, అవతలి ఒడ్డున ఉన్న పాసింజరు వాటి కోసం కదలకుండా నిలబడుతుంది. మీ బండ్లు నిలిచిపోవడానికి ఇదే కారణమై ఉండవచ్చు, ముందుగా దీన్ని చూడండి.

రద్దీ పెరిగితే పక్కనే రెండో వంతెన కట్టి, ఒడ్డుకు ముందు లైనును రెండుగా చీల్చి, దిగాక కలపండి. రాజమండ్రి దగ్గర గోదావరి మీద 1900 నాటి హేవలాక్ వంతెనకు తోడుగా 1974లో రోడ్డు–రైలు వంతెన వచ్చింది. 1997లో హేవలాక్ వంతెనకు విశ్రాంతి ఇచ్చాక దాని స్థానాన్ని ఆర్చి వంతెన తీసుకుంది. ఒకే వంతెన మీద ఆధారపడే పరిస్థితి మళ్లీ రాలేదు. చవకని చెక్క వంతెనలు మాత్రం కట్టవద్దు, వాటి మీద వేగ పరిమితి బాగా తక్కువ.

ప్రశ్న: పాసింజరు బండ్లకు కూడా ‘పూర్తిగా నిండాకే కదలాలి’ అన్న ఆదేశం ఇవ్వవచ్చా?
– ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: ఇవ్వవద్దు. ప్లాట్‌ఫారం మీద వేచి ఉన్నవారి కాలం లెక్కలోకి రాదు కానీ, బండి ఎక్కినవారి కాలం ఎక్కిన క్షణం నుంచే నడుస్తుంది. చివరి పెట్టె నిండేలోగా మొదట ఎక్కినవారి చెల్లింపు కరిగిపోతూ ఉంటుంది, ప్లాట్‌ఫారమూ ఖాళీ కాదు. 2014లో వచ్చిన 1.4 వెర్షన్ నుంచి ప్రయాణికులకు గమ్యాలు నిర్ణయించే ఏర్పాటు కూడా ఉంది. దాన్ని వాడుతుంటే, ఒక స్టేషనులో బండి ఆగిపోయినప్పుడు తరువాతి స్టేషన్లన్నిటిలోనూ జనం పేరుకుపోతారు. దానికి బదులు ఒకే దారిలో నడిచే బండ్లన్నిటికీ ఉమ్మడి ఆదేశాలిచ్చి, టైంటేబుల్‌తో సమాన వ్యవధిలో బయలుదేరేలా చూడండి. కాలువ నీరు వంతులవారీగా అందినట్టు ప్రతి స్టేషనుకూ తన వంతు బండి వేళకు అందుతుంది. నిండాకే కదలాలన్న ఆదేశాన్ని గని స్టేషనుకే ఉంచుకోండి. అక్కడ కూడా తరువాతి ఖాళీ గూడ్సులు వరుసగా నిలబడేందుకు విడిగా లైను వేయండి, లేకపోతే ఆ వరుస పెరిగి మెయిన్ లైను మీదికి వచ్చేస్తుంది.