వరి, కందిలో ఆకు, కానోపీ, వేరు పొలంలోనే కొలవాలంటే ఏ పరికరాలు కావాలి?

మీరు అడిగింది ఇది: ఎమ్మెస్సీ థీసిస్ కోసం వరి, కందిలో ఆకులు, కానోపీ (పైరు పైన ఆకులన్నీ కలిసిన పందిరి), వేర్లు మూడూ పొలంలోనే కొలవాలి. అన్నిటికీ కలిపి ఒకే పోర్టబుల్ పరికరం ఉందా, లేకపోతే ఏవి కొనాలి?

అన్నీ కొలిచే ఒకే పరికరం లేదు. ఒక పరిశోధన స్థానంలో రీసెర్చ్ ఫెలోగా కొన్నేళ్ళు ఇదే పని చేశాను. నా సలహా ఏంటంటే, ఆకు కొలతలకు పెద్ద ఖర్చు అక్కర్లేదు, కానోపీ మీటరు ఎక్కడో ఒకచోట అరువు దొరుకుతుంది. మీ టైమూ కూలి డబ్బులూ వేర్ల కోసం దాచుకోండి.

ఆకుకి అందరూ వాడేది స్పాడ్ మీటర్, అంటే ఆకు పచ్చదనాన్ని (పత్రహరితాన్ని) అంచనా వేసేది. కోనికా మినోల్టా వాళ్ళ స్పాడ్-502 జేబులో పట్టేంతే ఉంటుంది. ఆకును దాని మూతి మధ్య పెట్టి నొక్కితే 650, 940 నానోమీటర్ల దగ్గర కాంతి ఎంత అవతలికి దాటిందో చూసి, యూనిట్ లేని ఒక అంకె ఇస్తుంది. అది చూసే చోటు 2×3 మిల్లీమీటర్లే కాబట్టి ఒక్క నొక్కుడుతో రాసుకున్న అంకెకు విలువ లేదు. వరిలో పైనుంచి పూర్తిగా విచ్చుకున్న ఆకునే ఎంచుకుని, నడి ఈనె తగలకుండా మధ్య భాగంలో మూడు చోట్ల నొక్కి సగటు తీయండి. మడికి పది ఆకులైనా చూడాలి. కంది ఆకులో మూడు పత్రకాలు (చిన్న ఆకులు) ఉంటాయి, ఎప్పుడూ మధ్య పత్రకమే చూడండి. ఎండ నేరుగా పడకుండా మీ నీడ ఆకు మీద పడేలా నిలబడండి.

నారు తీసి నాటిన వరికి స్పాడ్ 35 కంటే తగ్గితే నత్రజని వేయాలని ఇర్రి (అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ) చెప్పిన లెక్క చాలామంది వాడతారు. కానీ రకాన్ని బట్టి ఆకు రంగే వేరు. పైగా జింకు లోపం వచ్చినా అంకె పడిపోతుంది, అప్పుడు ఎంత యూరియా చల్లినా లేవదు. అందుకని నత్రజని పుష్కలంగా ఇచ్చిన చిన్న మడి ఒకటి పక్కన పెట్టుకుని, దాని అంకెతో మీ మడుల అంకెలు పోల్చండి.

ఆకు వైశాల్యానికి లేజర్ మీటర్లు ఉన్నాయి, బాగానే పనిచేస్తాయి. వరికి స్కేలు చాలు: పొడవు × గరిష్ఠ వెడల్పు × 0.75. కంది ఆకుల్ని తెల్లకాగితం మీద స్కేలుతో పాటు పరిచి ఫోన్‌తో నిలువుగా ఫోటో తీసి, ఉచితంగా దొరికే ఇమేజ్‌జే సాఫ్ట్‌వేర్‌లో కొలుచుకోండి. కోసిన ఆకు ఎండలో వెంటనే ముడుచుకుంటుంది, తడిగుడ్డలో చుట్టి కవర్లో వేయండి.

కానోపీకి రెండు రకాల మీటర్లు ఎక్కువగా కనిపిస్తాయి. లైకార్ ఎల్ఏఐ-2200సి చేపకన్ను లెన్సుతో అయిదు కోణాల్లో ఆకాశాన్ని చూస్తుంది. పైరు పైన ఒక రీడింగ్, కింద కొన్ని తీస్తే లీఫ్ ఏరియా ఇండెక్స్ (నేల వైశాల్యానికి ఎన్ని రెట్లు ఆకు వైశాల్యం ఉందో చెప్పే అంకె) లెక్కకడుతుంది. దీనికి సూర్యుడు ఎదురుగా లేని సమయం మేలు, అంటే పొద్దు పొడిచేటప్పుడో, పొద్దు గూకేటప్పుడో, నిండా మబ్బు పట్టిన రోజో. మబ్బులు వచ్చీ పోయీ ఉండే మధ్యాహ్నం మాత్రం వద్దు. పైన చూసిన వెలుగు కిందకు వంగేలోపే మారిపోతుంది. రెండోది అక్యూపార్ ఎల్పీ-80. పొడవాటి కడ్డీలో 80 సెన్సర్లుంటాయి, మొక్క వాడుకునే 400–700 నానోమీటర్ల కాంతిని కొలుస్తుంది. ఇది నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు పనిచేస్తుంది, కాబట్టి థీసిస్ విద్యార్థికి ఇదే హాయి. కంది సాళ్ళ మధ్య ఖాళీ ఎక్కువ కాబట్టి కడ్డీని సాలుకు అడ్డంగా పెట్టండి.

ఒక చిక్కు ఉంది. ఈ మీటర్లకు పచ్చ ఆకుకూ ఎండుటాకుకూ కాండానికీ తేడా తెలియదు, వెలుగుకు అడ్డొచ్చిందంతా లెక్కే. వరి కోతకు దగ్గరపడే కొద్దీ మీటరు అంకె, ఆకులు కోసి కొలిచిన అంకె దూరం జరుగుతాయి. వైవాలో ఇది అడుగుతారు. దశకు ఒకసారైనా కొన్ని దుబ్బులు కోసి సరిచూసుకోండి.

ఇక వేర్లు. పొలానికి తీసుకెళ్ళే పరికరమంటే సీఐ-600 లాంటి రూట్ స్కానర్ ఉంది. పారదర్శక గొట్టాన్ని నేలలో ఏటవాలుగా దించి, అందులోకి స్కానర్ పంపి చుట్టూ ఉన్న మట్టిని ఫోటో తీస్తారు. అదే వేరును వారం వారం చూడొచ్చు, మొక్కను చంపక్కర్లేదు. అయితే గొట్టాన్ని విత్తడానికి చాలా ముందే దించి మట్టి సర్దుకోనివ్వాలి. నేల పైకి కనిపించే భాగానికి నల్ల టేపు చుట్టాలి, మూత బిగించాలి. రేగడి నేలలైతే నేను వద్దనే చెబుతాను. నేల నెర్రెలిచ్చినప్పుడు గొట్టం చుట్టూ సందు ఏర్పడి, వేర్లు ఆ సందులోనే గుంపుగా పెరుగుతాయి. ఆ ఫోటో పొలం మొత్తానికి సాక్ష్యం కాదు. దమ్ము చేసిన వరి మడిలోనూ గొట్టం అంచున నీళ్ళు దిగుతాయి.

కాబట్టి మీకు ఆగరే (నేలలోకి దించి మట్టిని పైకి తీసే సాధనం) దిక్కు. లోతు వారీగా మట్టి తీసి రాత్రంతా నానబెట్టి, బంకమట్టి అయితే మట్టిని విడదీసే సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ కలిపి, అర మిల్లీమీటరు జల్లెడ మీద కడగండి. కలుపు వేర్లు, చచ్చిన వేర్లు చేత్తోనే ఏరాలి, అసలు పని అదే. కడిగాక ల్యాబ్ స్కానర్‌లో స్కాన్ చేసి ఉచితంగా దొరికే రైజోవిజన్ సాఫ్ట్‌వేర్‌లో వేర్ల పొడవు తీసుకోవచ్చు. కంది వేరు బుడిపెలు లెక్కపెట్టాలంటే మొక్కను పీకొద్దు, చుట్టూ తవ్వి మట్టిగడ్డతో సహా లేపండి. పీకితే సగం బుడిపెలు నేలలోనే ఉండిపోతాయి.

పటాన్‌చెరులోని ఇక్రిశాట్ (మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ)లో శనగ వేర్ల మీద పనిచేసినవాళ్ళు మొక్కల్ని 120 సెంటీమీటర్ల పీవీసీ గొట్టాల్లో పెంచి, తర్వాత మట్టి కడిగి వేర్లు తీశారు. మీ గైడ్ ఒప్పుకుంటే కందికి ఇదే దారి, పొలంలో ఆ లోతు తవ్వడం ఒంటరిగా అయ్యే పని కాదు.

కానోపీ మీటరు కోసం మాత్రం సీజన్ మొదట్లోనే మీ ఫిజియాలజీ విభాగంలో తేదీలు రాయించుకోండి. పూత దశలో అందరికీ ఒకే వారం కావాల్సొస్తుంది. చేతికొచ్చిన రోజే బ్యాటరీ అర తెరిచి చూడండి, పాత సెల్స్ కారి తుప్పు పట్టినవి తరచూ కనిపిస్తాయి.