పరువుకి తుప్పు పడుతుందా?

సందేహం: వెండి గిన్నె నల్లబడితే ‘తుప్పు పట్టింది’ అనొచ్చా? ఒక వార్తలో ‘ఆరోపణలతో సంస్థ ప్రతిష్ఠకు తుప్పు పట్టింది’ అని కూడా చదివాను. ఇంగ్లీషులో టార్నిష్ అని రెండిటికీ వాడతారు కదా, మనకీ ఒక్క మాట చాలదా?

సమాధానం: చాలదండి. మనవాళ్ళు ఏ లోహమో చూసి మాట వాడతారు. తుప్పు ఇనుముది, అది పెచ్చులు పెచ్చులుగా రాలి ఇనుమునే తినేస్తుంది. వెండి అలా కాదు, గాల్లో ఉండే గంధకపు వాయువులు తగిలి పైన సన్నటి నల్లపొర కడుతుందంతే, విబూదితో తోమితే మళ్ళీ మెరుస్తుంది, కాబట్టి ‘నల్లబడింది’ అంటే సరిపోతుంది. రాగికీ ఇత్తడికీ పట్టేది కిలుము, చిలుము అని కూడా అంటారు. కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసో పెరుగో ఉంచేస్తే ‘కిలుమెక్కింది, తినకండి’ అని పారబోసేవాళ్ళు, పులుపుకి రాగి కరిగి తిండిలోకి దిగుతుంది, అది ఒంటికి చెరుపు, అందుకే లోపల తగరంతో కళాయి పూయించేవాళ్ళు. స్టీలు గిన్నెలొచ్చాక కిలుము అనే మాట పిల్లల నోట వినపడ్డమే లేదు, ఇంత పనికొచ్చే మాట పోతోందంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఇక పరువు సంగతి. తుప్పుని మనం మనుషులకీ వాడతాం, కానీ వాడకుండా పడేసినవాటికి: ‘బుర్ర తుప్పు పట్టింది’, ‘తుప్పు పట్టిన ఆలోచనలు’. పేరు చెడ్డానికి అది అతకదు. అక్కడ అసలు చూడాల్సింది ఎవరివల్ల చెడింది, ఎలా చెడింది అని. ఇంట్లోవాడే తప్పు చేస్తే ‘వంశానికి మచ్చ తెచ్చాడు’, బయటివాళ్ళు కావాలని నిందలేస్తే ‘బురద జల్లుతున్నారు’, మెల్లమెల్లగా గౌరవం తగ్గితే ‘మసకబారింది’. నాయకులు ‘నా ఇమేజ్ టార్నిష్ చేస్తున్నారు’ అన్నప్పుడు విలేకరులు ‘మచ్చ తెస్తున్నారు’ అని రాస్తే ఆ తప్పేదో నిజంగానే జరిగినట్టు ధ్వనిస్తుంది, అక్కడ ‘బురద జల్లుతున్నారు’ అనో ‘ప్రతిష్ఠ దెబ్బతీయాలని చూస్తున్నారు’ అనో రాయాలి, ఇది చిన్న తేడా కాదు.

మచ్చ దానంతటది చెడ్డమాటేం కాదు, పుట్టుమచ్చ ఉంది కదా, పేరు పక్కన చేరితేనే నింద అవుతుంది. ‘మాయని మచ్చ’లో మాయ అంటే భ్రమ అనుకుంటారు కొందరు, అది మాయు అనే క్రియ, చెరిగిపోవడం, అంటే ఎప్పటికీ చెరగని మచ్చ అన్నమాట.

లోహానికీ పరువుకీ ఒకే మాట కావాలంటే సంస్కృతం నుంచి వచ్చిన కళంకం ఉంది. పాత సంస్కృత నిఘంటువు అమరకోశం ‘కలంకోఽంకాపవాదయోః’ అంటుంది, గుర్తు అనీ అపవాదు అనీ రెండర్థాలు, ఇనుప తుప్పు అనే అర్థం కూడా సంస్కృత నిఘంటువుల్లో ఉంది. కాకపోతే తెలుగులోకి వచ్చేసరికి లోహం అర్థం జారిపోయింది, చెంబుకి కళంకం పట్టిందని ఎవరూ అనరు.

మీరు చదివిన వాక్యాన్ని ‘ఆరోపణలతో సంస్థ ప్రతిష్ఠ మసకబారింది’ అని రాస్తే చాలు, ఆరోపణలు ఇంకా రుజువు కాలేదు కాబట్టి మచ్చ అనక్కర్లేదు.