ఆపరేషన్ కోసం పదిమందిని అడగడానికి ముందు

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. నాకు 32 ఏళ్లు. ప్రైవేటు పాఠశాలలో నెలకు రూ.9,000 జీతానికి పనిచేస్తాను. మా ఆయన ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు ఉద్యోగి, జీతం రూ.19,000, అందులో పీఎఫ్, ఈఎస్ఐ కోత పడుతుంది. ఇంటర్ రోజుల నుంచి నెలసరి వస్తే మంచం దిగలేని నొప్పి. ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర వంటిది గర్భసంచి బయట పెరిగే జబ్బు) అని, అది పేగుకు కూడా అంటుకుందని పోయినేడు ఎంఆర్‌ఐలో తేలింది. హైదరాబాదులో ఈ జబ్బుకే ప్రత్యేకంగా ఆపరేషన్లు చేసే డాక్టరు రూ.4.6 లక్షలు అవుతుందని, పేగు కోసి కుట్టాల్సి వస్తే రూ.5.6 లక్షల దాకా పోతుందని చెప్పారు. మా దగ్గర రూ.1.3 లక్షల పొదుపు ఉంది. పీఎఫ్‌లో రూ.1.4 లక్షలు ఉన్నాయి. రెండున్నర తులాల బంగారం మీద రూ.1.8 లక్షలు ఇస్తామని బ్యాంకు వాళ్లు అన్నారు. మా అన్న రూ.50 వేలు, మేనమామ రూ.30 వేలు ఇస్తామన్నారు. మామగారు మైదుకూరు దగ్గరి ఎకరన్నర పొలం అమ్ముదామంటున్నారు. రూ.6 లక్షల సాయం కావాలంటూ అన్న వాట్సాప్‌లో పెట్టడానికి సందేశం కూడా రాసి ఉంచాడు. పెళ్లై ఏడేళ్లైనా పిల్లలు లేరు; ఈ జబ్బు సంగతి ఊరంతా తెలిస్తే ఏమనుకుంటారోనని భయంగా ఉంది. నలుగురినీ అడగడం తప్పా? వచ్చిన డబ్బుకు పన్ను కట్టాలా? ఇప్పుడు ఆరోగ్య బీమా తీసుకుంటే పనికొస్తుందా? (పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకురాలు)

జవాబు: అమ్మా, అడగడం తప్పు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రసవ వయసులో ఉన్న స్త్రీలలో దాదాపు 10 శాతం మందికి, అంటే సుమారు 19 కోట్ల మందికి ఈ జబ్బు ఉంది. నొప్పి మొదలైన చాలా ఏళ్లకు గాని జబ్బు పేరు తెలియకపోవడం మీ ఒక్కరి అనుభవం కాదు. పదిహేనేళ్లు ఓర్చుకున్న మనిషి వైద్యానికి సాయం అడిగితే అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. అయితే మీ అన్నగారు రాసిన సందేశాన్ని మాత్రం ఇప్పుడే పంపవద్దని కోరుతున్నాను, ఎందుకంటే అందులో ఉన్న రూ.6 లక్షలు మీకు నిజంగా తక్కువ పడుతున్న మొత్తం కాదు. ఎంత తక్కువ పడుతుందో లెక్క తేలిన తరువాత, ఆ మేరకు మాత్రమే అడిగితే ఇచ్చేవారికి నమ్మకం కుదురుతుంది, మీ మాటకు విలువ ఉంటుంది.

మీ ఉత్తరంలో ఈఎస్ఐ ప్రస్తావన ఒక్కసారి, అదీ కోతగానే కనిపించింది. నెలకు రూ.21,000 వరకు వేతనం ఉన్నవారికి వర్తించే ఈ కార్మిక ఆరోగ్య బీమా పథకానికి ఉద్యోగి 0.75 శాతం, యాజమాన్యం 3.25 శాతం చెల్లిస్తారు. రూ.19,000 మీద మీ వారి వాటా నెలకు సుమారు రూ.143 అవుతుంది. ఆ చిన్న మొత్తానికి ప్రతిగా ఆయనకే గాక ఆయన మీద ఆధారపడిన కుటుంబ సభ్యులకు కూడా వైద్యం అందాలి, ఆ వైద్యం ఖర్చుకు గరిష్ఠ పరిమితి లేదు. కాబట్టి ఈ వారంలోనే ఆయన ఈఎస్ఐ ఖాతాలో కుటుంబ సభ్యురాలిగా మీ పేరు నమోదై ఉందో లేదో చూడండి, లేకపోతే యాజమాన్యం ద్వారా చేర్పించండి. తరువాత ఎంఆర్‌ఐ రిపోర్టుతో మీకు కేటాయించిన ఈఎస్ఐ డిస్పెన్సరీ వైద్యుడిని కలిసి, తిరుపతిలోని ఈఎస్ఐ ఆసుపత్రికి గాని, ఈఎస్ఐతో ఒప్పందం ఉన్న పెద్ద ఆసుపత్రికి గాని రిఫరల్ రాయించుకోండి. రిఫరల్ లేకుండా నేరుగా ప్రైవేటు ఆసుపత్రిలో చేరి, ఆ తరువాత బిల్లులు పెట్టుకుంటే డబ్బు తిరిగి రావడం చాలా కష్టం. అందుకే ఈ పని అన్నిటికంటే ముందు జరగాలి.

రాష్ట్ర ప్రభుత్వ పథకాన్ని కూడా విడిచిపెట్టకండి. ఆరోగ్యశ్రీగా మనందరికీ తెలిసిన పథకం ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. ఏడాదికి రూ.5 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలు దాని పరిధిలోకి వస్తాయి, మీ ఇద్దరి జీతాలు కలిపినా ఆ హద్దు దాటవు. 2023 డిసెంబరులో దీని పరిమితిని కుటుంబానికి రూ.25 లక్షలకు పెంచారు. ఇందులో ప్రతి చికిత్సకూ ఒక ప్యాకేజీ పేరు ఉంటుంది గనుక, 104కు ఫోన్ చేసినప్పుడు జబ్బు పేరు మాత్రమే చెప్పి ఊరుకోకుండా, డాక్టరు రాసిచ్చిన ఆపరేషన్ పేరును, పేగుకు సంబంధించిన భాగంతో సహా, చదివి వినిపించి అడగండి. హైదరాబాదు, బెంగళూరు, చెన్నై నగరాల్లో కూడా కొన్ని ఆసుపత్రులు ఈ పథకం కింద ఉన్నాయి.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. ఉచితంగా జరుగుతుంది కదా అని ఎవరి చేతనైనా ఆపరేషన్ చేయించుకోమని నేను చెప్పడం లేదు. పేగుకు అంటుకున్న జబ్బును పూర్తిగా కోసి తీయకుండా పైపైన కాల్చి వదిలేస్తే నొప్పి తిరిగి వచ్చి రెండో ఆపరేషన్ అవసరం పడవచ్చు, అప్పుడు మొదట మిగిలిందనుకున్న డబ్బు రెట్టింపుగా పోతుంది. కాబట్టి పథకం కింద చేసే డాక్టరును కూడా, హైదరాబాదు డాక్టరును కూడా అవే ప్రశ్నలు అడగండి: జబ్బును కోసి తీస్తారా, పేగు ఆపరేషన్ల సర్జన్ అదే సమయంలో పక్కన ఉంటారా, ఇటువంటివి ఏడాదికి ఎన్ని చేస్తారు. తృప్తికరమైన జవాబు పథకం ఆసుపత్రిలో దొరికితే మీ సమస్య చాలావరకు తీరినట్టే. దొరకకపోతే సొంత ఖర్చుతో నిపుణుల దగ్గరికి వెళ్లడం దుబారా కాదని నా అభిప్రాయం. రెండో అభిప్రాయానికి మన జిల్లా వాళ్లకు వెల్లూరు సీఎంసీ అలవాటైన చోటే. రేణిగుంట మీదుగా కాట్పాడి వెళ్లి, అక్కడ కూడా రాతపూర్వకంగా ఎస్టిమేట్ అడగండి.

హైదరాబాదు ఎస్టిమేట్ మీకు నోటిమాటగా చెప్పినట్టుంది. దాన్ని కాగితం మీద తీసుకోండి. సర్జన్ ఫీజు, మత్తు డాక్టరు ఫీజు, పేగు సర్జన్ ఫీజు, పేగును అతికించే స్టేప్లర్ ఖర్చు, బయాప్సీ, ఐసీయూలో ఒక రోజు ఉండాల్సి వస్తే దాని చార్జీ, ఇవన్నీ అందులో ఉన్నాయో లేవో అడగండి. చాలా కార్పొరేట్ ఆసుపత్రుల్లో గది స్థాయి పెరిగితే గది అద్దె ఒక్కటే కాదు, మిగతా చార్జీలు కూడా పెరుగుతాయి. ఇద్దరు, ముగ్గురు కలిసి ఉండే గదికి ఎస్టిమేట్ ఎంతో విడిగా అడగండి, తేడా మీకే కనిపిస్తుంది.

ఏ పథకమూ కుదరలేదనే అనుకొని లెక్క వేద్దాం. పెద్ద ఎస్టిమేట్ రూ.5.6 లక్షలకు ప్రయాణాలు, తోడుండేవారి బస, ఇంటికి వచ్చాక మందులు, మీకు రాని జీతం కలిపి రూ.60 వేలు చేర్చండి, మొత్తం రూ.6.2 లక్షలు. మీ పొదుపులో రూ.30 వేలు ఇంటి ఖర్చులకు ఉంచి లక్ష తీయండి. పీఎఫ్ నుంచి వైద్యం కోసం తీసుకునే అడ్వాన్సును తిరిగి కట్టనవసరం లేదు, ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు చేయవచ్చు. కాని అది ఆయన రేపటి సొమ్ము గనుక సగంతో, అంటే రూ.70 వేలతో, ఆపండి. బంగారం మీద రూ.1.8 లక్షలు, మీ అన్న, మేనమామ ఇచ్చే రూ.80 వేలు కలిపితే మీ చేతిలో రూ.4.3 లక్షలు ఉంటాయి. తక్కువ పడేది రూ.1.9 లక్షలు. పేగు కోయాల్సిన అవసరం రాకపోతే అది రూ.90 వేలకు తగ్గుతుంది. రూ.6 లక్షలు అడగడానికీ దీనికీ ఎంత తేడా ఉందో చూడండి.

బంగారాన్ని బ్యాంకులోనే కుదువ పెట్టండి. ఏడాదికి నూటికి 9 రూపాయల వడ్డీ అనుకుంటే రూ.1.8 లక్షలకు సంవత్సరానికి రూ.16,200 అవుతుంది. అదే మొత్తాన్ని ఊళ్లో నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే రూ.43,200 కట్టాలి. అసలు కూడా నెలనెలా కట్టే వాయిదా పద్ధతి ఉందేమో అడగండి. నెలకు రూ.6,000 అసలు తీర్చుకుంటూ వస్తే 30 నెలల్లో నగ ఇంటికి వస్తుంది. పొలం మాత్రం అమ్మవద్దు. తొందరలో ఉన్నవాడి పొలానికి ఎవరూ సరైన ధర పెట్టరు, పైగా రూ.1.9 లక్షల కోసం మామగారి జీవనాధారాన్ని తీసేయడం సమంజసం కాదు.

పన్ను గురించి మీరు భయపడవలసిన పని లేదు గాని, నియమం తెలిసి ఉండాలి. ఆదాయపు పన్ను చట్టం దృష్టిలో తోబుట్టువులు, తల్లిదండ్రుల తోబుట్టువులు బంధువులే, కాబట్టి అన్న, మేనమామ ఇచ్చినదానికి పన్ను లేదు. మేనమామ కొడుకు, స్నేహితులు, తోటి ఉద్యోగులు ఆ నిర్వచనంలోకి రారు. అటువంటివారందరి నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో వచ్చిన మొత్తం రూ.50 వేలు దాటితే, దాటిన భాగం కాదు, మొత్తమంతా ఆదాయంగా లెక్కిస్తారు. అయినా మీ ఏడాది జీతం రూ.1,08,000కు రూ.1.9 లక్షలు కలిపినా రూ.2,98,000 మాత్రమే, కొత్త పన్ను విధానంలో రూ.4 లక్షల వరకు పన్ను లేదు. అందుకే సాయం మీ పేరు మీద ఉన్న ఖాతాలోకే రావాలి. అన్నగారి ఖాతాలోకి వస్తే ఆ లెక్క ఆయన చెప్పుకోవలసి వస్తుంది. ఆసుపత్రికి ఒకే చికిత్స కోసం రూ.2 లక్షలు గాని అంతకంటే ఎక్కువ గాని నగదుగా కట్టడానికి చట్టం ఒప్పుకోదు. అప్పుగా తీసుకునేది రూ.20 వేలు, ఆ పైన ఉంటే అది కూడా బ్యాంకు ద్వారానే జరగాలి.

ఇక ఎలా అడగాలి అన్నది. మీ ఆయన తోటి కార్మికులు, మీ పాఠశాల సిబ్బంది, అన్నగారి పదో తరగతి స్నేహితులు, ఈ మూడు వర్గాలు చాలు. రూ.1.9 లక్షల కోసం మీ ఫొటో, మీ జబ్బు వివరాలు దేశమంతా కనిపించేలా మిలాప్, కెట్టో వంటి ఆన్‌లైన్ విరాళాల వేదికలకు ఎక్కించడం అవసరం లేదని నేననుకుంటున్నాను. ఎప్పుడైనా వాటిని వాడవలసి వస్తే చార్జీల నిబంధనలు ముందుగా చదవండి. జబ్బు పేరు చెప్పాలా వద్దా అన్నది పూర్తిగా మీ నిర్ణయం, అన్నగారిది కాదు. “మా చెల్లెలికి పేగుకు అంటుకున్న జబ్బుకు పెద్ద ఆపరేషన్ చేయాలని డాక్టర్లు చెప్పారు. ఖర్చు రూ.6.2 లక్షల వరకు అవుతుంది. కుటుంబం తరఫున రూ.4.3 లక్షలు సమకూర్చుకున్నాం, రూ.1.9 లక్షలు తక్కువ పడుతున్నాయి. సాయంగా గాని, చేబదులుగా గాని మీకు వీలైనంత ఇవ్వగలరు. ఎస్టిమేట్ చూడాలనుకుంటే నాకు ఫోన్ చేయండి, ఆపరేషన్ అయ్యాక లెక్క చెబుతాం” అని రాస్తే అందులో అబద్ధం లేదు, మీరు దాచుకోదలచింది బయటపడదు. ఆధార్, రిపోర్టుల ఫొటోలు గ్రూపులో పెట్టవద్దు. సందేశం చేతులు మారేకొద్దీ క్యూఆర్ కోడ్ మార్చి డబ్బు కాజేసేవాళ్లు ఉంటారు గనుక మీ కోడ్‌ను అడిగినవారికి మాత్రమే విడిగా పంపండి.

పెళ్లిలో చదివింపులు రాసుకున్నట్టే ఒక పుస్తకంలో పేరు, తేదీ, మొత్తం, అది సాయమా చేబదులా అన్నది ఏ రోజుకారోజు రాయండి. చేబదులు అయితే ఎప్పటికి తిరిగి ఇస్తారో ఆ రోజే మాట్లాడుకోండి. అవసరమైన మొత్తం వచ్చిన రోజునే “ఇక చాలు” అని గ్రూపులో చెప్పించండి.

ఆరోగ్య బీమా ఇప్పుడు తీసుకున్నా ఈ ఆపరేషన్‌కు అక్కరకు రాదు. ముందే ఉన్న జబ్బులకు కంపెనీలు మూడేళ్ల వరకు వేచి ఉండే కాలం పెట్టవచ్చు, జబ్బు దాచి తీసుకుంటే క్లెయిమ్ తిరస్కరిస్తారు. మిగతా జబ్బుల కోసం, జబ్బు సంగతి ఉన్నదున్నట్టు రాసి, ఆపరేషన్ తరువాత తీసుకోవచ్చు.

చివరిగా ముఖ్యమంత్రి సహాయ నిధి. మీ ఎమ్మెల్యే కార్యాలయం ద్వారా దరఖాస్తు వెళుతుంది. ఆపరేషన్‌కు ముందే ఆసుపత్రి పేర మంజూరు పత్రం అడగవచ్చు, అయిపోయాక బిల్లులతోనూ అడగవచ్చు. అసలు బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ కావాలి గనుక వాటిని ఎవరికీ ఇవ్వకుండా భద్రపరచండి. ఈఎస్ఐలో గాని, వైద్య సేవలో గాని వచ్చిన ఖర్చును మళ్లీ ఇక్కడ చూపించకూడదు. ఈ నిధి నుంచి డబ్బు వస్తే ముందు చేబదుళ్లు తీర్చండి, మిగిలినది బంగారం అప్పుకు కట్టండి. సాయం చేసినవారికి ఈ సంగతి మొదటి సందేశంలోనే ఒక వాక్యంగా తెలియజేయండి.